రాహుకేతువుల కథలో ఖగోళం ఉందా, మనమే పెట్టామా?

పంచాంగప్రియ: అమృతం పంచే వేళ దేవతల వరసలో దూరిన స్వర్భానుడనే రాక్షసుణ్ణి సూర్యచంద్రులు పట్టిచ్చారు, విష్ణువు తల నరికాడు. తల రాహువు, మొండెం కేతువు. చంద్రుడి దారి క్రాంతివృత్తానికి, అంటే ఆకాశంలో సూర్యుడు నడిచే దారికి, సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. రెండూ కలిసే పాతాలు రెండే, 180 డిగ్రీల ఎదురులో. వాటి దగ్గర అమావాస్యో పున్నమో పడితేనే గ్రహణం. రెండు ముక్కలు, రెండు పాతాలు. ఇది కాకతాళీయమా?

నీడలెక్క: తర్వాత అతికించింది. ఋగ్వేదం ఐదో మండలంలో స్వర్భానుడు సూర్యుణ్ణి చీకటితో కొడతాడు, అత్రి వెలికితీస్తాడు. అమృతం లేదు, తల తెగడం లేదు. వరాహమిహిరుడి జ్యోతిష గ్రంథం బృహత్సంహితలో కేతుచారం తోకచుక్కల అధ్యాయం, అక్కడ కేతువంటే మొండెం కాదు.

పంచాంగప్రియ: 180 డిగ్రీల సంగతి దాటేశారు.

స్వర్ణముఖి: గ్రహణం పూట మిగతా గుళ్లు మూస్తారు, శ్రీకాళహస్తి తెరిచే ఉంటుంది. అదీ లెక్కలోకి తీసుకోండి.

నీడలెక్క: అదే వరాహమిహిరుడు గమనించిందేమిటో చూడండి. చంద్రగ్రహణం తూర్పు అంచున మొదలవుతుంది, సూర్యగ్రహణం పడమటి అంచున. చంద్రుడు తూర్పుకు కదులుతూ భూమి నీడలోకి దూరతాడు. అలాగే కదులుతూ సూర్యుడికి అడ్డం వస్తాడు. మింగేది ఒకే రాక్షసుడైతే ఈ తేడా రాదు.

పంచాంగప్రియ: ప్రతి చర్చలోనూ ఇదే వరస. పెద్దలకు ఏమీ తెలియదని తేల్చేదాకా మీకు నిద్రపట్టదు. కథలో శాస్త్రం లేదంటే ఇక మిగిలేది మూఢత్వమేగా!

నీడలెక్క: మన అసలు తగువు ఇదీ! శాస్త్రం లేకపోతే కథకు విలువ లేదని మీరే అంటున్నారు, నేను కాదు. 499లోనే ఆర్యభటుడు గ్రహణాలంటే నీడలని రాశాడు. 628లో బ్రహ్మగుప్తుడు నీడలతోనే లెక్కకట్టాడు, అయినా రాహువును కాదన్నవాళ్లను తప్పుపట్టాడు, రాహువే ఆ నీడలో ప్రవేశిస్తాడన్నాడు. లెక్క తెలిసినవాళ్లు కూడా కథను వదలలేదు. ఎందుకు? అమృతం గొంతుదాకా చేరింది కాబట్టి తల చావదు. పట్టిచ్చినవాళ్ల మీద పగా చావదు. మింగినా కింద పొట్ట లేదు, సూర్యుడు బయటపడతాడు. తీరని పగ మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ వెలుగు దక్కుతుంది. పట్టపగలు చీకటైతే మనిషికి కావాల్సిన మాట అది. దాన్ని 5 డిగ్రీల వాలుకు కుదిస్తే కథే పోతుంది.

గోదారిగట్టు: ఆ పొట్ట లేదన్న మాటే మా వైపు పిల్లలకు చెబుతారు.

పంచాంగప్రియ: పగ సంగతి ఒప్పుకుంటా. మరి మొండెం ఎదురు పాతానికి అంత చక్కగా ఎలా కుదిరింది?

నీడలెక్క: రెండో పాతానికి పేరు కావాల్సి వచ్చింది, కథలో మొండెం ఖాళీగా ఉంది. కుదిర్చింది జ్యోతిష్కులు.

పంచాంగప్రియ: కుదర్చడానికి వీలుగా కథ ముందే ఎందుకుందో చెప్పండి. రేపు మళ్లీ వస్తా.