అప్‌డేట్: నాన్న రేడియేషన్‌కి రోజూ స్కాన్ ఎందుకని అడిగాను కదా

గొంతు క్యాన్సర్‌కి నాన్నకి 35 సిట్టింగులు రాశారని, ప్రతిసారీ ముందు స్కాన్ తీస్తుంటే బిల్లు పెంచడానికేమో అని అనుమానంగా ఉందని అడిగాను. నా అనుమానం తప్పే.

అది కోన్ బీమ్ సీటీ, అంటే ఒంటి లోపలి భాగాలు ఆ రోజు ఎక్కడున్నాయో చూపే స్కాన్. రేడియేషన్ ఇచ్చే మెషీన్‌కే అమర్చి ఉంటుంది. నిమిషంలో అయిపోతుంది. రేడియేషన్ ఎక్కడ ఎంత పడాలో ప్లాన్ చేయడానికి మొదట తీసిన సీటీ మీద ఏ రోజు స్కాన్ ఆ రోజు పెట్టి చూసి, తేడా ఉంటే నాన్న పడుకున్న బల్లని మిల్లీమీటర్ల లెక్కన జరుపుతారు. దాని రేడియేషన్ ట్రీట్‌మెంట్ డోసు ముందు చాలా తక్కువ.

అసలు సంగతి 17వ సిట్టింగ్‌లో జరిగింది. మింగలేక నాన్న ఆరు కిలోలు తగ్గారు. తల కదలకుండా బిగించే మాస్క్ వదులైంది. ఆ రోజు స్కాన్‌లో మెడ సన్నబడింది, చెంప దగ్గరి లాలాజల గ్రంథి లోపలికి జరిగింది. పాత ప్లాన్‌తోనే వెళ్తే దానికి, వెన్నుపాముకి డోసు ఎక్కువ పడొచ్చని డాక్టరుగారు ఆపేశారు. కొత్త మాస్క్, కొత్త సీటీ, కొత్త ప్లాన్. రెండు రోజులు గ్యాప్. గాజువాక నుంచి ఉత్తినే వచ్చి వెళ్లామని నాన్న ఒకటే గొణుగుడు.

ఈ ముక్క మొదటి రోజే చెప్పుంటే నాకంత కంగారు ఉండేది కాదు. బరువు చూసుకోమని ఇక్కడ రాసినవాళ్లకి థాంక్స్. ఇప్పుడు రాగి జావ, మెత్తటి పెరుగన్నం పెడుతున్నాం. ఇంకా తొమ్మిది సిట్టింగులున్నాయి.