'క్యాంపింగ్ బ్యాన్'ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం, ముఖ్యంగా ఇక్కడ ఓటు హక్కు వచ్చిన పెద్దవాళ్ళ కోసం, ఊరి నిబంధనల మీద చిన్న కరపత్రం రాస్తున్నాను. ఇల్లు లేనివాళ్ళు పార్కుల్లో, వంతెనల కింద ఉండకూడదన్న నిబంధనను ఇక్కడ అందరూ క్యాంపింగ్ బ్యాన్ అంటారు. నేను 'గుడారాల నిషేధం' అని రాశాను. మా పిన్ని చదివి, "అంటే టెంటు వేయకపోతే ఏమీ అనరన్నమాట" అంది. ఇంకేం రాయను?

జవాబు:
మీ పిన్నిగారు సరిగ్గా అసలు చోటే పట్టుకున్నారండీ. గుడారం అని రాస్తే చదివినవాళ్ళు పొరబడతారు. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్ అంతటా అమల్లో ఉన్న చట్టం చూడండి. దాని ప్రకారం క్యాంప్ చేయడమంటే ఏదో ఒక ఆచ్ఛాదనతో ఒకచోట తాత్కాలికంగా ఉండటం. ఆ ఆచ్ఛాదన కింద టెంటు, టార్పాలిన్, స్లీపింగ్ బ్యాగ్, పరుపుచుట్ట, దుప్పట్లు అన్నీ వస్తాయి. మినహాయింపు ఒంటిమీది బట్టలకూ, చేత్తో పట్టుకునే వస్తువులకూ మాత్రమే. అంటే గొడుగు పట్టుకోవచ్చు, దుప్పటి కప్పుకుని అక్కడే ఉండిపోతే మాత్రం కేసు. జరిమానా 500 డాలర్ల దాకా వేయవచ్చు.

పోనీ 'క్యాంపు' అనే ఉంచుదామా అంటే, ఆ మాట మన దగ్గర ఎప్పుడో వేరే దారి పట్టింది. ఆఫీసరు క్యాంపుకెళ్తాడు, ముఖ్యమంత్రికి క్యాంపు ఆఫీసు ఉంటుంది, ఎమ్మెల్యేలను రిసార్టులో దాచిపెడితే అవి క్యాంపు రాజకీయాలు. శిబిరం అంటే రక్తదానం, కంటిపరీక్షలు గుర్తొస్తాయి. 'ఆరుబయట నిద్ర' అన్నా కుదరదు. అందులో ఎండాకాలం డాబా మీద నవారు మంచం వేసుకున్న హాయి ఉంది.

నన్నడిగితే 'తలదాచుకోవడం' దగ్గరి మాట. టెక్సస్ చట్టం వస్తువుల పేర్లు వరసగా చెప్పి నిషేధించిన పనిని మనవాళ్ళు ఆ ఒక్క మాటలో చెబుతారు.

ఇంకొకరు:
మంచి మాటే, కానీ కరపత్రంలో వద్దండీ. అది ఒక పక్షం మాట అయిపోతుంది. 2021 మే నెలలో ప్రాపోజిషన్ బి అనే ప్రతిపాదన మీద ఆస్టిన్‌లో ఓటింగు జరిగింది. 2019లో సిటీ కౌన్సిల్ సడలించిన నిషేధాన్ని మళ్ళీ తేవాలని సేవ్ ఆస్టిన్ నౌ అనే బృందం వాళ్ళు సంతకాలు సేకరించి దాన్ని ఓటుకు తెచ్చారు. దాదాపు 57 శాతం మంది అవునన్నారు. వాళ్ళందరూ దయలేనివాళ్ళు కారు. పిల్లల్ని పార్కుకు తీసుకెళ్ళడానికి భయపడినవాళ్ళున్నారు, వంతెనల కింద చెత్త, మంటలు చూసి విసిగినవాళ్ళున్నారు. వాళ్ళను తెలుగులో మాట్లాడమంటే 'తిష్ఠ వేశారు' అంటారు. అవతలివాళ్ళు 'తలదాచుకున్నారు' అంటారు. చూసింది ఒకే మనిషినే. కరపత్రం ఈ రెంటిలో ఏది వాడినా, చదివేవాళ్ళ తరఫున మీరే ఓటు వేసేసినట్టు.

ఆ ఓటింగుకు ముందు ఒక్క మాట కోసం కోర్టుకే వెళ్ళారు. బ్యాలెట్ మీద కౌన్సిల్ రాసిన వాక్యంలో 'ఎవరైనా' అనే అర్థం వచ్చే మాట ఉందని, అది ఓటరును తప్పుదారి పట్టిస్తుందని పిటిషన్ వేశారు. టెక్సస్ సుప్రీంకోర్టు ఆ మాట తీసేయమంది.

జవాబు:
మీ అభ్యంతరం న్యాయమైనదే, శీర్షికలో పెట్టొద్దు. కానీ తటస్థంగా ఉండాలని చట్టం చేసే పనినే కనపడకుండా చేయకూడదు. ఆరెగాన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే ఊరు పెట్టిన ఇలాంటి నిషేధం మీద వచ్చిన కేసులో 2024 జూన్ 28న అమెరికా సుప్రీంకోర్టు 6-3తో ఊరి పక్షాన తీర్పిచ్చింది. నిందితుడు ఇల్లు లేనివాడైనా, సెలవులకు వీపున సంచితో ఊరు దాటుతున్న బ్యాక్‌ప్యాకరైనా, నిరసనకు దిగిన విద్యార్థయినా ఆ నిబంధనకు తేడా లేదని జస్టిస్ గోర్సచ్ రాశారు. నిద్ర శరీరానికి అవసరం, నేరం కాదని జస్టిస్ సోటొమేయర్ తన అసమ్మతి తీర్పులో రాశారు. ఆ కేసు నాటికి ఆ ఊళ్ళో జరిమానా 295 డాలర్లు, కట్టకపోతే 537 దాటేది. బ్యాక్‌ప్యాకర్‌కు ఆ రాత్రి కాకపోతే మర్నాడు తిరిగి వెళ్ళడానికి ఇల్లుంది. 'క్యాంపింగ్' అనే మాట వీళ్ళిద్దరినీ ఒకే గాటన కడుతోంది. నా బాధ అదీ. సరదాగా అడవికెళ్ళి చేసే పని పేరుతో, ఎక్కడికీ వెళ్ళలేని మనిషి రాత్రిని పిలుస్తున్నాం.

అందుకని ఇలా రాయండి: 'బహిరంగ స్థలాల్లో పడక వేసుకుని ఉండటంపై నిషేధం'. పక్కనే బ్రాకెట్లో క్యాంపింగ్ బ్యాన్ అని తెలుగు లిపిలో పెట్టండి, ఇక్కడ అందరి నోటా ఆ పేరే ఉంది కాబట్టి. కింద ఏమేం పడక కిందికి వస్తాయో ఒక వాక్యం చేర్చండి. దుప్పటి సంగతి మాత్రం మానొద్దు.

ప్రశ్న అడిగినవారు:
'పడక వేసుకుని' బాగా కుదిరిందండీ. పిన్నికి చదివి వినిపించాను. "మరి వాళ్ళు ఎక్కడ పడుకోవాలి, అది రాయలేదే?" అంది. ఖాళీలున్న వసతి గృహాల వివరాలు సిటీని అడిగి, రెండో పేజీలో వేస్తున్నాను.