క్రానిక్ ఫెటీగ్‌కు పాత మందులు: జన్యువులు చూపిన దారిని నమ్మొచ్చా?

క్లాక్‌టవర్ (అనంతపురం):
మా అక్కకు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని డాక్టరు తేల్చాడు. థైరాయిడ్, బి12 అన్నీ నార్మలే. మిద్దె మీద బట్టలు ఆరేసి వచ్చిందంటే మరుసటి రోజు మంచం దిగలేదు, ట్యూబ్‌లైటు వెలుతురు కూడా ఓర్చుకోలేదు. మన దేశంలో దీనికంటూ ఆమోదం పొందిన మందే లేదు. 2025 ఆగస్టులో ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ల డీకోడ్‌ఎంఈ అధ్యయనం 15,579 మంది రోగుల డీఎన్‌ఏ పరిశీలించి, ఎనిమిది చోట్ల తేడాలున్నాయని చెప్పింది. కొన్ని రోగనిరోధక శక్తికి, కొన్ని నరాలకు సంబంధించినవి. వాటి మీద పనిచేసే మందులు ఇప్పటికే షాపుల్లో ఉంటే ఇచ్చేయొచ్చు కదా? కొత్త మందు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
ట్రయల్ పెట్టి చూడొచ్చు తమ్ముడూ, ఇచ్చేయకూడదు. నాది మెడికల్ షాపు. తాగుడు, మత్తుమందుల అలవాటు మాన్పించే నాల్ట్రెక్సోన్‌ను ఫెటీగ్‌కు 4.5 మిల్లీగ్రాముల లోపు వాడతారని ఫోన్లో చూసి, 50 మిల్లీగ్రాముల బిళ్ల పది ముక్కలు చేసిమ్మంటారు. బ్లేడు పెడితే సగం పొడైపోతుంది. ఏ ముక్కలో ఎంత మందుందో దేవుడికే తెలియాలి.

దేవుని కడప:
అన్నా, నాల్ట్రెక్సోన్ జన్యువులు చూపించిన మందు కాదు కదా, దాన్ని ఇందులోకి లాగొద్దు. కోవిడ్ సంగతి చూడండి. బారిసిటినిబ్ కీళ్లవాతం మందు. కోవిడ్‌కు పనికొస్తుందని 2020 ఫిబ్రవరిలోనే కంప్యూటర్ విశ్లేషణ దాని పేరు చెప్పింది. ఆ ఏడాది చివర్లో, విషమించిన కోవిడ్ రోగుల్లో టీవైకే2 అనే జన్యువు దగ్గర తేడా బయటపడింది; ఈ మందు అడ్డుకునే ప్రొటీన్ల కుటుంబానిదే ఆ జన్యువు, అందుకే ఆ మాటకు బలమొచ్చింది. బ్రిటన్‌లో 'రికవరీ' అనే పెద్ద ట్రయల్లో ఈ మందుతో మరణాలు సుమారు 13 శాతం తగ్గాయి. జన్యు ఆధారమున్న మందులు గట్టెక్కే అవకాశం 2.6 రెట్లు ఎక్కువని 2024లో నేచర్ పత్రికలో లెక్క కట్టారు.

కొండారెడ్డి బురుజు:
మరి రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు సంగతి? ఈ ఫెటీగ్‌కే నార్వేలో 30 మందితో చేసిన చిన్న ట్రయల్ చూసి 2011లో అందరూ ఎగిరి గంతేశారు. 151 మందితో పెద్దది పెట్టారు, 2019లో ఫలితం వచ్చింది: ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా లేదు.

దేవుని కడప:
అది క్యాన్సర్ రోగుల్లో అలసట తగ్గిందని గమనించి మొదలెట్టింది, జన్యువులు చూసి కాదు. మీరు పట్టుకోవాల్సిన లొసుగు వేరే ఉంది, నేనే చెప్తా. ఎనిమిది చోట్లు తెలిశాయి గానీ, ఒక్కో చోట అసలు దోషి ఏ జన్యువో ఇంకా ఖాయం కాలేదు. దాని పనిని పెంచాలా, తగ్గించాలా? తారుమారైతే ఉన్న జబ్బు ముదురుతుంది. పైగా ఆ విశ్లేషణలో ఉన్నది యూరప్ మూలాల వాళ్లు. మన రాయలసీమ వాళ్లకు అదే వర్తిస్తుందని ఎవరు చూశారు? ఈ పని తేలాక ట్రయల్ పెడితే నేను పూర్తిగా సమర్థిస్తా.

క్లాక్‌టవర్:
సరే సార్, సొంతంగా ఏ బిళ్లా మింగించను. ట్రయల్ పెడితే చేరతానని అక్క అంటోంది. కానీ చెకప్‌కని హైదరాబాదుకు బస్సెక్కిస్తే వారం లేవదు. డీకోడ్‌ఎంఈలో ఇంటి నుంచే ఉమ్మి పోస్టులో పంపారట. ఇక్కడి ట్రయల్ కూడా అట్లా ఇంటి దగ్గరికే రావాలి, లేకపోతే లేచి తిరగగలిగిన వాళ్లే చేరతారు.