కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) అంచు గోధుమ రంగుకు తిరిగితే తప్పు దేనిది: ఫిల్లింగ్‌లోని రెజిన్‌దా, దాన్ని పంటికి పట్టి ఉంచే అతుకుదా?

మోనోమర్: చిగురు దగ్గర పాత ఫిల్లింగ్ అంచు రంగు మారితే అందరూ చేసినవాళ్ల చేతినే అనుమానిస్తారు. రసాయనాన్ని ఎందుకు వదిలేస్తారు? రెజిన్‌కు మూలమైన చిన్న అణువులు (మోనోమర్లు) బిస్-జీఎంఏ, టీఈజీడీఎంఏ రెండింటిలోనూ ఎస్టర్ బంధాలున్నాయి. వాటిని నీళ్లూ, లాలాజలంలోని ఎస్టరేజ్ ఎంజైములూ తెంచుతాయి. ఫిల్లర్ (గాజు పొడి) రేణువుల్ని రెజిన్‌కు పట్టి ఉంచే సైలేన్ పూత కూడా తడికి వదులవుతుంది. పైగా లైట్ క్యూర్ (కాంతితో గట్టిపరచడం) అయ్యాక, మోనోమర్లను గొలుసుగా కలిపే డబుల్ బాండ్లలో కలిసేవి సుమారు 50–75 శాతమే. మిగతాదంతా మోనోమర్‌గా బయటికి రావలసిందేగా!

అంచుకాపరి: ఆ లెక్క కుదరదండీ. మిగిలిన డబుల్ బాండ్లలో చాలావరకు ఒక కొసన గొలుసుకు అతుక్కునే ఉంటాయి, కరిగి బయటికొచ్చేది కొద్దిగానే. ఎస్టర్లు తెగితే పైపొర మెత్తబడుతుంది, మెరుపు పోతుంది, అరుగుతుంది. ఫిల్లింగ్ మార్చాల్సి వచ్చేది మాత్రం ఎక్కువగా అంచున మళ్లీ పుచ్చినందుకో, విరిగినందుకో.

చిగురు అంచున ఎనామెల్ (పంటి గట్టి పైపొర) పలచన, ఒక్కోసారి అసలుండదు. అక్కడ భారమంతా డెంటిన్ (ఎనామెల్ కింది పొర) అతుకు మీదే. అతుకు పట్టడానికి ముందు రాసే 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ డెంటిన్ మీద 15 సెకన్లు దాటితే ఖనిజం పోయినంత లోతుకు రెజిన్ దిగదు. అడుగున దిక్కులేకుండా మిగిలిన కొల్లాజెన్ పీచును డెంటిన్‌లోనే ఉన్న ఎంఎంపీ ఎంజైములు మెల్లగా తినేస్తాయి. కడిగాక గాలి ఎక్కువ కొట్టినా చేటే: పీచు అణిగిపోయి రెజిన్‌కు దారి మూసుకుంటుంది.

పల్చటిపొర: అందుకే యాసిడ్ ఎనామెల్‌కే, 15–30 సెకన్లు. డెంటిన్‌కు 10-ఎండీపీ అనే మోనోమర్ ఉన్న రెండంచెల సెల్ఫ్-ఎచ్ (విడిగా యాసిడ్ అక్కర్లేని అతుకు మందు). ప్రైమర్ 20 సెకన్లు, గాలితో ద్రావకం ఎగిరిపోయాక బాండ్ (అతుకు రెజిన్). ఎండీపీ కాల్షియంతో కట్టే లవణం నీళ్లకు అంత తేలిగ్గా లొంగదు.

మోనోమర్: 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిమినాశని) రాస్తే ఎంఎంపీలు ఆగవా?

అంచుకాపరి: ల్యాబ్‌లో ఆగుతాయి. రోగుల మీద చేసిన ట్రయల్స్‌లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

వెలుగురేఖ: లైటు సంగతి ఎవరూ ఎత్తరేం? రెండు పళ్ల మధ్య తవ్విన గుంత (బాక్స్) అడుగు లైటు కొసకు 6–8 మి.మీ. దూరంలో ఉంటుంది. అంత దూరంలో కొన్ని లైట్ల బలం సగానికి పడిపోతుంది. మొదటి పొర 2 మి.మీ. దాటనివ్వకండి. 20 సెకన్ల చొప్పున రెండుసార్లు ఇవ్వండి, పల్ప్ (పంటి లోపలి గుజ్జు) వేడెక్కకుండా మధ్యలో గాలి కొట్టండి. మ్యాట్రిక్స్ (పంటి చుట్టూ బిగించే పట్టీ) తీశాక బుగ్గ వైపు నుంచీ, నాలుక వైపు నుంచీ ఇంకోసారి. లైటు కొసకు అంటుకున్న పాత రెజిన్ గీకేయండి, చాలాచోట్ల అసలు దొంగ అదే. సగం గట్టిపడిన అడుగుపొరలోనే మోనోమర్ గారు చెప్పిన నీటి దెబ్బ ఎక్కువ.

మోనోమర్: అది ఒప్పుకుంటాను. మరి రంగు మారిన అంచును తీసేయాలా?

అంచుకాపరి: మరక ఒక్కటే ఉంటే పుచ్చు అనుకోకూడదు. ముందు పాలిష్ చేసి చూడండి. అంచు మెత్తబడి ఉంటే అంతవరకే తెరిచి, పాత రెజిన్‌ను 50 మైక్రాన్ల అల్యూమినా పొడితో గరుకుచేసి, సైలేన్, బాండ్, కొత్త కాంపోజిట్. మొత్తం పీకిన ప్రతిసారీ గుంత పెద్దదవుతుంది. ఎక్స్-రేలో నల్ల గీత కనబడగానే బర్ (పన్ను తవ్వే మొన) అందుకోకండి, మూలలో మడుగు కట్టిన బాండ్ కూడా అలాగే కనిపిస్తుంది.