కరిగెట్టు అయ్యాక ట్రాక్టర్ వెనక ఆయిల్ మజ్జిగలా తెల్లబడింది: ఆయిల్ మారిస్తే సరిపోతదా?

ఉప్పల్_శనివారం

నమస్తే అన్నలూ. 39 హెచ్‌పి, మూడు సిలిండర్ల ట్రాక్టర్, పదేండ్ల పాతది. ప్రతాపసింగారం దిక్కు మూసీ కాలువ కింద మడులు. ఈ వానాకాలం నాట్లకు హాఫ్ కేజ్ వీల్స్ (టైర్ల బయట తగిలించే ఇనుప పంజరం చక్రాలు) వేసి రొటావేటర్‌తో 60 గంటల దాకా కరిగెట్టు (నీళ్ల మడిని బురదగా దున్నడం) నడిచింది. మొన్న గేజ్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి చూస్తే వెనక ఆయిల్ చిక్కటి మజ్జిగలా ఉంది. తగ్గలేదు సరికదా, పై గీత మీద రెండు వేళ్లు ఎక్కువ చూపిస్తోంది. పొద్దున లిఫ్ట్ మెల్లగా లేస్తుంది, కాసేపయ్యాక పంపు దగ్గర కూత వస్తుంది.

గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, హైడ్రాలిక్ మూడింటికీ ఒకటే ఆయిల్. బ్రేకులు కూడా ఆయిల్‌లోనే. ఇంజన్ ఆయిల్ నల్లగానే ఉంది, రేడియేటర్ నీళ్లు తగ్గలేదు.

బండి ఊర్లో, ఉద్యోగం సిటీలో. పని చేయడానికి శని, ఆదివారాలే దొరుకుతాయి. మెకానిక్ ఏమో పది లీటర్ల డీజిల్ పోసి తిప్పి కడిగేసి కొత్త ఆయిల్ పోద్దాం అంటున్నాడు. చేయించొచ్చా?

పాత_పానా

ముందు ఆయిల్ కొనకండి. నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయో తేలకుండా కొత్త ఆయిల్ పోస్తే యాసంగి నాట్లకల్లా అదీ మజ్జిగే.

గేజ్ పై గీత దాటిందంటే లోపలికి నీళ్లు చేరినట్టే. అయినా ఒకసారి పరీక్ష చేసుకోండి, ఎందుకంటే గాలి కలిసినా ఆయిల్ తెల్లగానే కనిపిస్తుంది. పంపు పీల్చే వైపు పైపు జాయింటు లూజుంటే ఆయిల్‌లోకి గాలి పడి నురగ కడుతుంది. గాజు సీసాలో అర లీటరు పట్టి గంట ఆగండి. గాలైతే బుడగలు పైకి పోయి ఆయిల్ తేటపడుతుంది. నీళ్లయితే తెలుపు అలాగే ఉంటుంది, మర్నాటికి సీసా అడుగున నీటి పొర కూడా కనిపించొచ్చు. ఇంకో పద్ధతి, బాగా కాలిన పెనం మీద ఒక చుక్క వేయండి. చిటపటలాడితే నీళ్లే. చుక్క ఒక్కటే వేయండి, మొహం దూరంగా పెట్టండి.

శనివారం పొద్దున ఇంజన్ స్టార్ట్ చేయకముందే వెనక హౌసింగ్ కింది డ్రైన్ బోల్టును రెండు చుట్లు లూజు చేయండి. రాత్రంతా నిలిచిన బండిలో, ఆయిల్‌లో కలవని నీళ్లు అడుగుకు చేరి ఉంటాయి, ముందు అవే వస్తాయి. సీసాకు పట్టి కొలవండి. తెల్ల ఆయిల్ రాగానే బిగించేయండి. ఎన్ని నీళ్లొచ్చాయన్నది ముఖ్యం. పావు లీటరు వస్తే ఆవిరి పట్టిన నీళ్లో, గేర్ రాడ్ రబ్బరు బూటు చినిగి పడిన వానో అనుకోవచ్చు. రెండు మూడు లీటర్లు వస్తే మడిలోనే ఎక్కడో పీల్చుకుంటోంది.

ఆ రోజే ఈ నాలుగు చోట్లు చూడండి: పీటీఓ షాఫ్ట్ (రొటావేటర్‌ను తిప్పే వెనక షాఫ్ట్) సీలు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు, రెండు వైపులా వెనక యాక్సిల్ సీళ్లు, గేర్ రాడ్ల బూట్లు, బ్రీదర్. బ్రీదర్ సంగతి చాలామందికి తెలియదు, లోపలి గాలి వచ్చి పోయే దారి అది. హౌసింగ్ పైన, సీటు కింద బొటనవేలంత టోపీలా ఉంటుంది. కొన్ని మోడళ్లలో ఆయిల్ పోసే మూతలోనే ఉంటుంది.

మడికట్టు

డీజిల్ మాట వద్దు తమ్మీ. డీజిల్‌ల పంపు తిరిగితే లోపల జిడ్డు ఉండదు, గేర్ పంపు పళ్లు, బుష్షులు గీరుకపోతయ్. ఇంకోటి, ఎంత వంచినా డ్రైన్ బోల్టు కింద మూలల్ల రెండు మూడు లీటర్లు నిలుస్తది. ఆ డీజిల్ కొత్త ఆయిల్‌ల కలిసి దాన్ని పల్చగ చేస్తది. లిఫ్ట్ బరువు పట్టకుండ దిగజారుడు అప్పుడే మొదలైతది. పాత బండ్లల్ల ఇట్ల కడిగిన తెల్లారే పంపు సీలు కారుడు కొత్త సంగతి కాదు.

కడగాల్నంటే అదే జాతి ఆయిల్, అన్నిట్ల సస్తాది తీసుకో. గేజ్ కింది గీత దాకా పోసి అరగంట అన్ని గేర్లల్ల నడుపు. లిఫ్ట్ ఇరవై ముప్పై సార్లు లేపి దించు, బ్రేకులు తొక్కుకుంట పో. వేడి మీదనే వంచెయ్. ఆ తర్వాత అసలు ఆయిల్. ఖర్చు రెండింతలే గానీ పంపు ధర అడిగినవా?

పెద్ద గిన్నెల పోసి కాచి నీళ్లు ఎగరగొట్టి ఆ ఆయిలే మళ్ల పోసేటోళ్లు కూడ ఉన్నరు. నీళ్లు మరుగుతుంటే ఆయిల్ పొంగి పొయ్యిల పడ్డదంటే మంట లేస్తది. అసలే చెయ్యకు.

ఉప్పల్_శనివారం

ఇద్దరికీ థాంక్స్. శనివారం చూసినవి ఇవి:

డ్రైన్ బోల్టు లూజు చేస్తే ముందు నీళ్లే వచ్చాయి, 2 లీటర్ల 300. సీసాలో ఆయిల్ మర్నాటికీ తేటపడలేదు. బోల్టు అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద ఉంది, వేళ్ల మధ్య రుద్దితే మెత్తగానే ఉంది. మెరిసే పెచ్చులు లేవు.

ఎడమ యాక్సిల్ దగ్గర రిమ్ము వెనక నైలాన్ తాడు, గడ్డి చుట్టుకుని ఉన్నాయి. కోసి తీశా. దాని కింద తడి లేదు. పీటీఓ టోపీ తీస్తే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ జిడ్డు, సన్నటి బురద ఉంగరంలా పట్టింది. ఇక బ్రీదర్ సీటు కిందే దొరికింది. మూత తీస్తే రంధ్రం నిండా కుమ్మరి పురుగు పెట్టిన మట్టి గూడు! ఊదితే చుక్క గాలి కూడా పోవడం లేదు.

బూట్లు బాగానే ఉన్నాయి. ఆయిల్ ఇంకా దించలేదు.

పాత_పానా

దొరికింది. కుమ్మరి పురుగు, పీటీఓ సీలు ఇద్దరూ కలిసి చేసిన పని ఇది.

పని మీద హౌసింగ్ కాలిపోతూ ఉంటుంది, లోపల గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మూసుకుపోయింది కాబట్టి ఆ గాలి సీలు అంచును తోసుకుని బయటికి పోతుంది. మీరు చూసిన ఆయిల్ జిడ్డు అదే. తర్వాత బండి మడిలో ఆగుతుంది, లేకపోతే వేడి బండిని తెచ్చి కాలువలో కడుగుతారు. చల్లటి నీళ్లు తగలగానే లోపలి గాలి కుంచించుకుపోయి పీల్చడం మొదలవుతుంది. బ్రీదర్ తెరిచి ఉంటే పైనుంచి గాలి పీల్చుకునేది. అది మూసుకుంది కాబట్టి అరిగిన సీలు చుట్టూ ఉన్న నీళ్లనే లాక్కుంటుంది. ఆపిన ప్రతిసారీ గుక్కెడు. 60 గంటల పనిలో 2 లీటర్ల పైన చేరిందంటే వింతేం లేదు. పైగా మూసీ నీళ్లలో సబ్బు నురగ ఉంటుంది, అది కలిస్తే ఆయిల్, నీళ్లు విడిపోవడం ఇంకా కష్టం.

బ్రీదర్‌ను డీజిల్‌లో నానబెట్టి గాలి కొట్టి శుభ్రం చేయండి. వీలైతే దానికి ఒక రబ్బరు పైపు తగిలించి సీటు వెనక మడ్‌గార్డ్ ఎత్తుకు తీసుకెళ్లి, మూతి కిందికి వంచి కట్టండి. మూతికి సన్నటి జాలి కట్టారంటే కుమ్మరి పురుగు మళ్లీ గూడు పెట్టలేదు.

పీటీఓ సీలు మార్చేది ఆయిల్ దించిన రోజే. ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని మొదలుపెట్టండి. వెనక కవరు బోల్టులు విప్పితే కొన్ని మోడళ్లలో షాఫ్ట్ బేరింగుతో సహా బయటికొస్తుంది, కొన్నింట్లో సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) తీస్తే సీలు ఒక్కటే వస్తుంది. పాత సీలు మీద మూడు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 70-100-12 అని ఉంటే లోపలి వ్యాసం 70, బయటి వ్యాసం 100, మందం 12 మిల్లీమీటర్లు. అంకెలు చెరిగిపోతే పాత సీలు చేతిలో పట్టుకుని సికింద్రాబాద్ రాణీగంజ్ పోండి, సీళ్లు, బేరింగులు అమ్మే దుకాణాల్లో కొలిచి ఇస్తారు. ఆదివారం నమ్ముకోకండి, శనివారమే పోండి. డబుల్ లిప్ సీలు అడగండి, ఒక అంచు ఆయిల్‌ను ఆపుతుంది, రెండోది బురదను.

సీలు ఎక్కించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. పీటీఓ షాఫ్ట్ పళ్లు కత్తుల్లా ఉంటాయి. కొత్త సీలును నేరుగా తోస్తే రబ్బరు అంచు అక్కడే చీరుకుపోతుంది, కంటికి కనిపించదు, వారానికి మళ్లీ కారుతుంది. పళ్ల మీద మందపాటి పాలిథిన్ కవరు బిగుతుగా చుట్టి, దాని మీద గ్రీజు రాసి, సీలును జార్చండి. స్ప్రింగు కనిపించే వైపు లోపలికి, అంటే ఆయిల్ వైపుకు రావాలి. రెండు అంచుల మధ్య కొంచెం గ్రీజు నింపండి. సరిపోయే పైపు ముక్క ఆనించి చుట్టూ సమంగా కొట్టండి. ఒక వైపే కొడితే వంకర కూర్చుంటుంది.

కొత్తది పెట్టేముందు షాఫ్ట్ మీద సీలు ఆనే చోట గోరు అడ్డంగా లాగి చూడండి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే కొత్త సీలు కూడా ఆ గాడిలోనే కూర్చుని కారుతుంది. హౌసింగ్‌లో చోటుంటే సీలును 2 మి.మీ. ముందుకో వెనక్కో కూర్చోబెట్టి అంచును కొత్త చోట ఆనించండి. కుదరకపోతే షాఫ్ట్ మీద సన్నటి స్టీలు స్లీవ్ ఎక్కించుకోవాలి.

మడికట్టు

ఆయిల్ వంచేటప్పుడు ఇంకొన్ని. లిఫ్ట్ చేతులు పూర్తిగ కిందికి దించు, లేకుంటే సిలిండర్ల ఉన్న ఆయిల్ అట్లనే ఉంటది. డ్రైన్ బోల్టు ఒక్కటే అనుకోకు. గేర్‌బాక్స్ కింద ఒకటి, వెనక ఒకటి, కొన్ని బండ్లకు రెండు పక్కల ట్రంపెట్ల (వెనక యాక్సిల్ గొట్టాల) కింద కూడ ఉంటయ్. పక్కలవి మరిచిపోతే అండ్ల మిగిలిన నీళ్లు కొత్త ఆయిల్‌ను మళ్ల తెల్లగ చేస్తయ్. వేడి మీద గంటసేపు కారనియ్.

పంపు జాలి తీసి డీజిల్‌ల కడుగు, ఓ-రింగు కొత్తది వెయ్. ఫిల్టర్లు రెండు కొను. కడిగే ఆయిల్‌కు ఒకటి, అసలు ఆయిల్‌కు ఒకటి. నీళ్లు తాగిన కాగితం ఫిల్టర్ ఉబ్బి దారి మూస్తది, నువ్వు చెప్పిన కూత దానివల్లనే కావొచ్చు. డ్రైన్ బోల్టు రాగి వాచర్ కొత్తది దొరకకుంటే పాతదాన్నే ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచు, మెత్తబడి మళ్ల పట్టుకుంటది.

ఆయిల్ ఏది అంటే బండి బుక్కుల ఏది రాస్తే అది. బ్రేకులు ఆయిల్‌ల మునిగే బండికి దుకాణపాయన చెప్పిండని 90 నంబర్ గేర్ ఆయిల్ పోస్తే బ్రేకులు అరుస్తయ్, పట్టు తప్పుతయ్. ట్రాక్టర్ల ట్రాన్స్‌మిషన్‌కు వేరే ఆయిల్ ఉంటది, యూటీటీఓ అని డబ్బా మీద రాసుంటది. ఎన్ని లీటర్లన్నది మోడల్‌ను బట్టి మారుతది, 20 లీటర్ల బకెట్ ఒకటి ఎట్లనూ సాలది. వంచిన ఆయిల్ కాలువల పొయ్యకు, డబ్బాలల్ల పట్టి పాత ఆయిల్ కొనేటోళ్లకు ఇయ్యి.

ఘట్కేసర్_గ్రీజు

వెనక సంగతి వీళ్లిద్దరూ చెప్పేశారు. బురదలో అన్ని గంటలు నడిచాక ముందు చక్రాల హబ్బులు విప్పకుండా వదలొద్దు. అక్కడ ఆయిల్ ఉండదు కాబట్టి గేజ్ చూసి తెలుసుకునే దారి లేదు.

వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టండి. జాకీ ఎత్తేముందు ముందు యాక్సిల్‌కూ పైనున్న సపోర్టుకూ మధ్య రెండు వైపులా చెక్క వెడ్జులు (ఏటవాలు ముక్కలు) దిగ్గొట్టండి. ముందు యాక్సిల్ నడి పిన్ను మీద ఊగుతుంది, వెడ్జులు లేకపోతే బండి పక్కకు ఒరుగుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, కింద దుంగ పెట్టండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటక ఆడుతోందా, తిప్పితే గరగర వినిపిస్తోందా చూడండి.

మూత తీసి, కాటర్ పిన్ (నట్టు తిరగకుండా ఆపే పిన్ను) లాగి, నట్టు విప్పితే బయటి బేరింగు చేతిలోకి వస్తుంది. గ్రీజు కాఫీ పొడి కలిపిన మీగడలా ఉంటే నీళ్లు చేరినట్టే. పాత గ్రీజు మొత్తం డీజిల్‌తో కడిగి ఆరనివ్వండి. రోలర్ల మీద నల్ల మచ్చలు, గుంటలు ఉంటే బేరింగు, దాని కప్పు (అది కూర్చునే బయటి రింగు) రెండూ మార్చాలి. ఒకటి మార్చి ఒకటి ఉంచితే కొత్తది కూడా పాడవుతుంది. లోపలి సీలు ఎలా ఉన్నా కొత్తదే వేయండి. ఏపీ-3 గ్రీజును అరచేతిలో పెట్టుకుని బేరింగు వెడల్పు వైపును దానికేసి నొక్కుతూ పోండి. రోలర్ల మధ్య నుంచి అవతలికి గ్రీజు ఉబికితేనే నిండినట్టు. మూతలో సగమే పెట్టండి.

చక్రం తిప్పుతూ నట్టు బిగించండి. బరువుగా తిరగడం మొదలవగానే ఆపి, ఒక్క గాడి వెనక్కి తిప్పి కాటర్ పిన్ వేయండి, కొత్త పిన్. బాగా బిగిస్తే బేరింగు కాలిపోతుంది, లూజు వదిలితే సీలు తింటుంది. పావుగంట నడిపి హబ్బు మీద చేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చేయి పెట్టలేకపోతే మళ్లీ విప్పాల్సిందే.

క్లచ్ హౌసింగ్ కింద చిన్న ప్లగ్గు ఉంటుంది, మడిలో దిగేముందు నీళ్లు రాకుండా బిగిస్తారు. నాట్లయ్యాక దాన్ని తీసేయడం మరిచిపోతారు. తీసినప్పుడు ఏం వస్తుందో చూడండి. నల్ల ఆయిల్ వస్తే ఇంజన్ వెనక సీలు పోయింది, తేనె రంగుదైతే గేర్‌బాక్స్ ముందు సీలు. నీళ్లొస్తే క్లచ్ ప్లేటు తుప్పు పట్టి అతుక్కోకముందే బండిని కాసేపు నడిపి ఆరనివ్వండి.

ఉప్పల్_శనివారం

ప్లగ్గు ఇంకా బిగించే ఉంది, ఇప్పుడే ఫోన్ చేసి తీయించా. అర గ్లాసు బురద నీళ్లు, ఆయిల్ ఏం లేదు. వచ్చే శనివారం పొద్దున రాణీగంజ్, మధ్యాహ్నం పీటీఓ సీలు, కడిగే ఆయిల్. ఆదివారం అసలు ఆయిల్, హబ్బులు. ఒక్క అనుమానం: యాక్సిల్ సీళ్లు కూడా ఇప్పుడే మార్చేయాలా?

పాత_పానా

తడి లేదన్నారు కదా, ఇప్పుడు వద్దు. వెనక టైర్లలో నీళ్లు నింపి ఉంటే ఒక్కో చక్రం ఇద్దరు పట్టినా ఆగదు, రెండు ఆదివారాలు దానికే పోతాయి. ట్రంపెట్ చివర గుడ్డతో శుభ్రంగా తుడిచి, టాల్కం పౌడర్ చల్లి, పది నిమిషాలు రోడ్డు మీద నడపండి. పౌడర్ మీద తడి గీత కనిపిస్తే ఆ వైపు సీలు యాసంగికి ముందే మార్చండి. హాఫ్ కేజ్ వీల్ బరువు టైరుకు బయట వేలాడుతుంది, ఆ వంపు అంతా యాక్సిల్ బేరింగు మీదే పడుతుంది. సీలు మార్చే రోజు బేరింగు లూజుగా ఆడుతోందేమో కూడా చూడాలి.

కొత్త ఆయిల్ పోశాక 10 గంటలు నడిపి, ఒక రాత్రి నిలిపి, స్టార్ట్ చేయకముందు మళ్లీ డ్రైన్ బోల్టు లూజు చేసి నాలుగు చుక్కలు సీసాలో పట్టండి. ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి.