టీపీఎస్ కోడ్ పడింది, మీటర్‌లో వోల్టేజ్ బాగానే ఉంది: సెన్సార్ మార్చేయాలా వద్దా?

పాతబండి_ప్రేమికుడు:
అందరికీ నమస్కారం. నాది పెట్రోల్ బండి, కేబుల్ థ్రాటిల్, మాన్యువల్ గేర్. ఆక్సిలరేటర్ మీద కాలు లైట్‌గా పెట్టి ఒకే స్పీడ్‌లో వెళ్తుంటే బండి గుంజి వదిలినట్టు జర్కులిస్తోంది, కాస్త గట్టిగా తొక్కితే మాత్రం ఏమీ లేనట్టు లాగేస్తోంది. చెక్ ఇంజన్ లైటు ఒక్కోసారి వెలిగి మళ్ళీ దానంతటదే ఆరిపోతుంది. స్కానర్ పెడితే పి0121 వచ్చింది, అంటే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ (టీపీఎస్, ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ ప్లేట్ ఎంత తెరుచుకుందో చెప్పేది) సర్క్యూట్, రేంజ్ లేదా పెర్ఫార్మెన్స్ అని. మెకానిక్ ఆ కోడ్ చూడగానే సెన్సార్ పోయింది మార్చేద్దాం అన్నాడు. ఇంటికొచ్చి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి సిగ్నల్ వైరు మీద మల్టీమీటర్ పెట్టి చూశా. థ్రాటిల్ మూసి ఉంటే 0.6 వోల్టులు, పూర్తిగా తెరిస్తే 4.4, మధ్యలో మెల్లగా పెరుగుతూనే ఉంది. అందరూ చెప్పే 0.5 నుంచి 4.5 లెక్కకి దగ్గరగానే ఉంది కదా, మరి కోడ్ ఎందుకు పడినట్టు? మార్చాలా వద్దా?

స్పానర్_సోదరుడు:
మార్చేయ్ తమ్మీ, ఆలోచించకు. నువ్వు చెప్పింది చదువుతుంటేనే తెలుస్తుంది. ఆ సెన్సార్ లోపల ఉండేది ఒక కార్బన్ పట్టీ, దాని మీద చిన్న లోహపు ముక్క జరుగుతూ ఉంటది, పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే నాబ్ లాంటిదే. మనం ఎక్కువ సేపు నడిపేది లైట్ థ్రాటిల్‌లోనే కాబట్టి పట్టీ ఆ చోటే అరుగుతది. అందుకే కాలు లైట్‌గా పెడితే జర్కు, గట్టిగా తొక్కితే అరగని చోటికి పోతది కాబట్టి మంచిగుంటది. ఇంకేం సాక్ష్యం కావాలె? రెండు స్క్రూలు, ఒక కనెక్టర్, అంతే పని. ఇది అరిగే సామానే, ఇయ్యాల కాకపోతే రేపైనా మార్చాల్సిందే, టెస్టులు అని కూర్చుంటే పూట గడిచిపోతది.

కరెంటు_మాస్టారు:
స్పానర్ గారూ, పట్టీ అరిగే చోటు గురించి మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటాను. కానీ కోడ్ చూసి పార్ట్ మార్చే అలవాటు దగ్గరే నాకు అభ్యంతరం. కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించి, సెన్సార్ పోయిందని ఎక్కడా చెప్పదు. పి0122 అంటే సిగ్నల్ ఉండాల్సిన దానికన్నా కిందికి పోయింది, పి0123 అంటే పైకి పోయింది, ఈ రెండూ సూటిగా ఎలక్ట్రికల్ విషయాలు. పి0121 అలా కాదు, చాలా బండ్లలో ఇది పోల్చి చూసి వేసే కోడ్. థ్రాటిల్ ఇంత తెరుచుకుందని టీపీఎస్ అంటోంది, ఇంజన్ ఈ ఆర్‌పీఎమ్‌లో తిరుగుతోంది, అలాంటప్పుడు మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో) ప్రెషర్ ఇంత ఉండాలి లేదా గాలి ఇంత పోవాలి అని ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, లెక్కేసుకుంటుంది, లెక్క కుదరకపోతే టీపీఎస్ మీద కోడ్ వేస్తుంది. అబద్ధం చెప్పేది ఆ ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సార్ అయినా, దాని గొట్టం పగిలినా, ఇన్‌టేక్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీక్ అవుతున్నా నింద మాత్రం టీపీఎస్ మీదే పడొచ్చు.

పాతబండి గారూ, మీరు సిగ్నల్ ఒక్కటే చూశారు. మూడు వైర్లూ చూడాలి. సెన్సార్‌కి కరెంటు ఇచ్చే రిఫరెన్స్ వైరులో 5 వోల్టులు నిలకడగా ఉన్నాయా చూడండి, ఆ 5 వోల్టుల లైన్ చాలా బండ్లలో మ్యాప్ సెన్సార్‌కీ ఏసీ ప్రెషర్ సెన్సార్‌కీ కూడా వెళ్తుంది, వాటిల్లో ఏదో ఒకటి లోపల షార్ట్ అయితే అందరి వోల్టేజీ పడిపోతుంది. అలా పడిపోయి ఉంటే ఆ లైన్ మీద ఉన్నవి ఒక్కొక్కటే కనెక్టర్ పీకి చూడాలి, ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొస్తాయో దొంగ అదే. తర్వాత ఎర్త్. ఇంజన్ నడుస్తూ, హెడ్‌లైట్లూ బ్లోయరూ వేసి ఉండగా మీటర్ ఒక ప్రోబు సెన్సార్ ఎర్త్ వైరు మీద, రెండోది బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టండి, 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే మంచిది, 100 దాటితే ఎర్త్ దారిలో ఎక్కడో తుప్పు గానీ లూజు గానీ ఉన్నట్టే. ఎర్త్ పాడైతే కాలు తీసేసినా సిగ్నల్ కాస్త పైనే ఉంటుంది, ఈసీయూ ఇంకా కాలు పెట్టే ఉన్నారు అనుకుంటుంది. ఇది ఇంజన్ ఆపి చూస్తే దొరకదు.

నేర్చుకుంటున్నా:
మాస్టారూ, ఒక డౌటు. కాయిల్ గానీ పెట్రోల్ పంప్ గానీ వీక్ అయినా జర్కులు వస్తాయి కదా, వాటిని ఎందుకు లెక్కలోకి తీసుకోవట్లేదు?

కరెంటు_మాస్టారు:
మంచి ప్రశ్న. అవి లోడ్ పెరిగే కొద్దీ ముదురుతాయి, ఎత్తు ఎక్కుతున్నప్పుడూ గట్టిగా తొక్కినప్పుడూ బయటపడతాయి. ఈయన బండి గట్టిగా తొక్కితే బాగుంటోంది అంటున్నారు కాబట్టి వాటి మీద అనుమానం తగ్గుతుంది, పూర్తిగా పోదు. గాలి లీకు మాత్రం లైట్ థ్రాటిల్‌లోనే ఎక్కువ తెలుస్తుంది కాబట్టి దాన్ని వదలకూడదు. ఎంఏఎఫ్ (లోపలికి పోయే గాలిని కొలిచే సెన్సార్) ఉన్న బండి అయితే ఐడ్లింగ్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ని పెంచి తగ్గించే సవరణ, బాగా ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర మామూలుకొచ్చేస్తే లీకు అనుకోవచ్చు, మ్యాప్ మీద నడిచే బండి అయితే ట్రిమ్ పెద్దగా కదలకుండా ఐడ్లింగ్ పైకి లేస్తుంది.

స్కోప్_గీత:
మీ ఇద్దరి వాదనా ఒక పొరపాటు లెక్క మీద నిలబడింది, అదేంటంటే ఆయన మీటర్ రీడింగ్ నిజమని ఇద్దరూ నమ్మేశారు. మామూలు డిజిటల్ మల్టీమీటర్ సెకనుకి రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది, అది కూడా మధ్యలో వచ్చినవన్నీ కలిపి సగటు చూపిస్తుంది. పట్టీ మీద అరిగిన చోట లోహపు ముక్క కొన్ని మిల్లీసెకన్లు గాల్లోకి లేస్తే సిగ్నల్ సున్నా దాకా పడి లేస్తుంది, ఈసీయూ దాన్ని చూస్తుంది, ఇంజెక్షన్ మార్చేస్తుంది, మనకి జర్కు తెలుస్తుంది, మీటర్ మాత్రం 0.9, 1.0, 1.1 అని చక్కగా చూపిస్తూ పోతుంది. స్కానర్‌లో లైవ్ డేటా కూడా ఇంతే, పాత ప్రోటోకాల్ బండ్లలో అది మరీ నెమ్మది, పైగా నాలుగైదు పారామీటర్లు ఒకేసారి పెట్టుకుంటే ఇంకా నెమ్మది.

దీనికి సరైన పనిముట్టు ఆసిలోస్కోప్, వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపించేది. సిగ్నల్ వైరు మీద పెట్టి, స్క్రీన్ మొత్తం పది సెకన్లు పట్టేలా సెట్ చేసి, థ్రాటిల్‌ని మూసిన దగ్గర్నుంచి పూర్తిగా తెరిచే దాకా మెల్లగా తిప్పి, అంతే మెల్లగా వదలండి. గీత కొండలాగా నున్నగా ఎక్కి దిగాలి. ఎక్కడైనా కిందికి సన్నటి గాట్లు కనిపిస్తే, అవి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే వోల్టేజీ దగ్గర వస్తే, పట్టీ అరిగింది అంతే, ఇంక వాదన అక్కర్లేదు. గాట్లు ఎక్కడపడితే అక్కడ వస్తుంటే అప్పుడు వైరింగు, కనెక్టర్ మీద చూడాలి. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా ఒకసారి చూడండి, చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి వేడికి తప్పులు చేసేవి చాలా ఉంటాయి.

నేర్చుకుంటున్నా:
స్కోప్ అందరి దగ్గరా ఉండదు కదండీ, అది లేనివాళ్ళ సంగతేంటి?

స్కోప్_గీత:
ముల్లు తిరిగే పాత అనలాగ్ మీటర్ దొరికితే అది ఈ పనికి డిజిటల్ కన్నా నయం, పట్టీ మీద ఖాళీ వస్తే ముల్లు అదురుతుంది, కళ్ళతో పట్టుకోవచ్చు. లేదంటే మిన్-మ్యాక్స్ బటన్ ఉన్న మీటర్ తీసుకుని, మిన్ నొక్కి థ్రాటిల్ తిప్పండి, మూసినప్పటి 0.6 కన్నా తక్కువ ఏదైనా పట్టుకుందంటే మధ్యలో ఎక్కడో పడినట్టే. ఇవేవీ చాలా చిన్న గాట్లు పట్టుకోలేవు కాబట్టి వీటిల్లో ఏమీ దొరకలేదంటే సెన్సార్ బాగుందని అర్థం కాదు, అది గుర్తుంచుకోండి. ఇంకో మాట, ప్రోబుని కనెక్టర్ వెనక వైపు నుంచి సన్నటి పిన్నుతో దూర్చండి, వైరు తోలు మాత్రం గుచ్చకండి. గుచ్చిన చోట నీళ్ళు దిగి లోపల రాగి పచ్చబడి, ఇంకో ఏడాదికి అసలు లేని రోగం అక్కడ మొదలవుతుంది.

స్పానర్_సోదరుడు:
అన్నా మీరు చెప్పేవన్నీ మంచిగనే ఉన్నయి, నేను కాదనట్లే. కానీ గ్యారేజ్‌లో బండి పెట్టిన మనిషి పక్కనే నిలబడి ఉంటడు, సాయంత్రానికి బండి కావాలంటడు. స్కోప్ పెట్టి గీతలు చూసే లోపు నేను సెన్సార్ మార్చి ట్రయల్ కొట్టి వస్త. జర్కు పోతే సెన్సారే, పోకపోతే పాతది మళ్ళా పెట్టేస్త, అదీ టెస్టే కదా. ఇంకా సులువు కావాలంటే కనెక్టర్ పీకేసి నడిపి చూడు తమ్మీ, ఈసీయూ టీపీఎస్ లేదనుకొని మ్యాప్‌నీ ఆర్‌పీఎమ్‌నీ బట్టి ఒక అంచనా విలువ పెట్టుకుంటది, అట్ల నడిపినప్పుడు జర్కు పోయిందంటే తప్పు ఎక్కడుందో తెలిసిపోతది.

కరెంటు_మాస్టారు:
కనెక్టర్ పీకి చూడటం కేబుల్ బండికి మంచి ఉపాయమే. అది ఇంకో చోట కూడా పనికొస్తుంది: సిగ్నల్ పైకి ఇరుక్కుపోయిన బండి కొన్నిసార్లు స్టార్టే అవ్వదు, ఎందుకంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉందనిపిస్తే, ఇంజన్‌లో పెట్రోల్ ఎక్కువైందేమో ఆరబెట్టుకోవాలనుకుంటున్నారని చాలా ఈసీయూలు ఇంజెక్షన్ ఆపేస్తాయి. కనెక్టర్ పీకగానే స్టార్ట్ అయితే విషయం తేలిపోయినట్టే.

కానీ మార్చి చూడటం కూడా టెస్టే అన్నారు చూడండి, అక్కడ ఒక మోసం ఉంది, అది చాలామంది పట్టించుకోరు. సెన్సార్ మార్చాలంటే కనెక్టర్ పీకి మళ్ళీ పెట్టాలి. ఆ పీకి పెట్టడంలోనే పిన్నుల మీద తుప్పు రాసుకుపోయి కాంటాక్ట్ బాగుపడుతుంది. బండి బాగైంది, మనం కొత్త సెన్సార్ వల్ల అనుకుంటాం, నెల తిరక్కుండా అదే జర్కు, అదే కోడ్, ఈసారి ఈసీయూ పోయిందేమో అని ఇంకా పెద్ద ఖర్చు వైపు వెళ్తాం. మార్చి బాగైందంటే ఆగకండి, పాత సెన్సార్‌ని మళ్ళీ బిగించి జర్కు తిరిగొస్తుందో లేదో చూడండి. తిరిగొస్తేనే అది పాత సెన్సార్ తప్పు. రాకపోతే కనెక్టర్‌ది. ఈ రెండో సగం చేయకుండా మార్పిడిని టెస్ట్ అనడం నేను ఒప్పుకోను, ఎందుకంటే డబ్బు కట్టేది బండి ఓనరు.

స్పానర్_సోదరుడు:
పాతది మళ్ళా పెట్టి చూడాలన్నది మంచి మాట, దానికి ఐదు నిమిషాలే పడుతది, అది ఒప్పుకుంట. కానీ అరిగే సామానుని అరిగిపోయిందనుకోవడం తప్పంటే మాత్రం ఒప్పుకోను.

ఈథ్రాటిల్_వాడు:
ఇక్కడ చదివేవాళ్ళలో కొత్త బండ్ల వాళ్ళు కూడా ఉంటారు కాబట్టి చెప్తున్నా, పైన చెప్పినవన్నీ కేబుల్ థ్రాటిల్‌కే. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో కనెక్టర్ పీకి నడపొద్దు, లింప్ మోడ్‌లోకి (ఈసీయూ జాగ్రత్త కోసం పవర్ తగ్గించేసే స్థితి) పోయి బండి పాకుతుంది. అందులో ఒక టీపీఎస్ కాదు రెండు ఉంటాయి, చాలా వాటిల్లో ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది, రెండూ కలిపితే ఎక్కడ ఆపినా సుమారు 5 వోల్టులు రావాలి, ఆ పొత్తు చెడితే పి2135 పడుతుంది. పెడల్ దగ్గర ఇంకో జత సెన్సార్లు ఉంటాయి, వాటి పొత్తు చెడితే పి2138, ఈ రెండూ కలిపేసుకుని థ్రాటిల్ బాడీ మార్చేసినవాళ్ళు ఉన్నారు. సెన్సార్ విడిగా దొరకదు చాలావరకు, మొత్తం బాడీ మార్చాలి, అందుకే ఇక్కడ టెస్ట్ చేయకుండా మార్చడం అస్సలు పనికిరాదు. ఇంకోటి చాలా ముఖ్యం, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఆ ప్లేట్ మధ్యలో వేలు పెట్టొద్దు, మోటార్ ఒక్కసారిగా మూసేస్తే వేలు నలిగిపోతుంది.

పాతబండి_ప్రేమికుడు:
అందరికీ థాంక్స్. రిఫరెన్స్ 5.02 ఉంది, ఇంజన్ నడుస్తుండగా లైట్లన్నీ వేసి చూస్తే ఎర్త్ దగ్గర 20 మిల్లీవోల్టులు. వైరింగ్ హార్నెస్ పట్టుకుని ఊపినా ఏమీ మారలేదు, మ్యాప్ గొట్టం కూడా బాగానే ఉంది. ఎలక్ట్రానిక్స్ పని చేసే ఫ్రెండ్ దగ్గర చిన్న స్కోప్ తెచ్చి స్వీప్ చేశా. ఒక వోల్టు దాటగానే కిందికి మూడు గాట్లు పక్కపక్కనే, వాటిల్లో ఒకటి దాదాపు సున్నా దాకా పోయింది. వదిలేటప్పుడు కూడా అదే చోట. మల్టీమీటర్ పక్కనే పెట్టి చూస్తే అదే సమయంలో దాని అంకె కొంచెం కూడా తడబడలేదు.

స్పానర్_సోదరుడు:
మొదటి రోజే చెప్పిన కదా తమ్మీ, లైట్ థ్రాటిల్ చోటనే అరిగింది.

కరెంటు_మాస్టారు:
మీ అంచనా నిజమైంది స్పానర్ గారూ, సంతోషం. ఇదే లక్షణాలతో వచ్చే తర్వాతి బండికి మాత్రం ఎర్త్ చూడకుండా స్పానర్ తీయకండి, అదొక్కటే నా విన్నపం.

పాతబండి గారూ, బిగించేటప్పుడు జాగ్రత్త. మీ సెన్సార్ స్క్రూ రంధ్రాలు పొడుగ్గా ఉంటే అది అడ్జస్ట్ చేసుకునే రకం, మూసినప్పటి వోల్టేజీ మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన దానికి తెచ్చి అప్పుడు బిగించాలి. వోల్టేజీ కుదరట్లేదని థ్రాటిల్ స్టాప్ స్క్రూ ముట్టుకోవద్దు, అది ఫ్యాక్టరీలో సెట్ చేసింది, కదిపితే ఐడ్లింగ్ మొత్తం పాడవుతుంది. కోడ్ క్లియర్ చేశాక ఐడిల్ రీలెర్న్ (ఈసీయూకి ఐడ్లింగ్ మళ్ళీ నేర్పించడం) కావాలంటే అది కూడా చేయించండి.

స్కోప్_గీత:
స్కోప్ ఇంకా మీ దగ్గరే ఉంటే వెంటనే తిరిగిచ్చేయకండి. కొత్త సెన్సార్‌ని థ్రాటిల్ బాడీకి బిగించకముందే కనెక్టర్ పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, చేత్తో తిప్పుతూ అదే స్వీప్ చేసి చూడండి. డబ్బాలోంచి తీసిన కొత్తదాంట్లోనే గాట్లు చూశాను నేను, బిగించాక తెలిస్తే దుకాణంవాడు వెనక్కి తీసుకోడు.