వ్యాపారుల సర్వే: ఫారం కొట్లో ఇచ్చి రావాలా, వాట్సాప్ లింకు పంపాలా?

వన్‌టౌన్ సర్వే
విజయవాడ వన్‌టౌన్, బీసెంట్ రోడ్డు కలిపి 200 కొట్ల నుంచి నెల అమ్మకం, సరుకు నిల్వ, పనివాళ్ల సంఖ్య రాబట్టాలి. గడువు మూడు వారాలు. లింకు చాలంటాను. అంకెలు మళ్లీ ఎక్కించే పనుండదు, ఎవరు పంపలేదో ఆ రాత్రికే తెలుస్తుంది.

పట్నంబజారు
చాలదండీ. కొట్టు ఫోను చాలాచోట్ల గుమాస్తా చేతిలో ఉంటుంది. పనివాళ్లెందరో అతనికి తెలుసు, అమ్మకం తెలియదు. గడి నింపితే తప్ప లింకు ముందుకు కదలదు కాబట్టి 50,000 అనో లక్ష అనో వేసేస్తాడు. పైగా తెలియని నంబరు నుంచి లింకొస్తే మోసమనుకుని నొక్కరు. నొక్కకపోవడమే మంచిది కూడా.

కాగితమే ఇవ్వండి. ఒక్క పేజీ, కొట్టు పేరు, వరుస సంఖ్య ముందే వేసి. బోణీ కాకముందు కొట్టు మెట్లెక్కొద్దు, మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక వెళ్లండి. తీసుకెళ్లే తేదీ ఫారం నెత్తిన రాయండి, మూడో రోజు దాటనివ్వకండి. వారమిస్తే అది బిల్లు పుస్తకాల అడుక్కి పోతుంది. వెంట ఖాళీ ఫారాలు ఉండాల్సిందే.

మిర్చియార్డు లెక్కలు
మీరిద్దరూ ప్రశ్న సంగతి వదిలేశారు. గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారిని 'నెల అమ్మకం ఎంత' అని అడిగితే ఒకాయన రైతు సరుకు మొత్తం విలువ రాస్తారు, పక్క కొట్టాయన తన కమీషన్ మాత్రమే రాస్తారు. 45 కిలోల టిక్కీలు (మిర్చి బస్తాలు) 100, క్వింటా 15,000, కమీషన్ నూటికి 2 అనుకోండి. మొదటాయన అంకె 6,75,000, రెండో ఆయనది 13,500. యాభై రెట్ల తేడా! రెండూ ఒకే గడిలో పడ్డాక సగటు తీసి ఏం లాభం?

గడులు రెండుండాలి, ఎదురుగా మనిషి ఉండి అడగాలి. కేంద్రం జరిపే అసంఘటిత రంగ సంస్థల వార్షిక సర్వేలో ట్యాబ్ వాడేది అందుకే. పొసగని అంకె పడితే అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రం యార్డులో ఎవరికీ తీరిక ఉండదు.

వన్‌టౌన్ సర్వే
ట్యాబ్ చూస్తే ట్యాక్సు వాళ్లనుకుని అమ్మకం తగ్గించి చెబుతారు కదా?

పట్నంబజారు
చెబుతారు. మిగతావి ముఖాముఖి అడిగి, అమ్మకం అంకె ఒక్కటీ చీటీ మీద రాసి కవరులో అంటించి ఇమ్మనండి. పద్దులు అకౌంటెంటు దగ్గరుంటే యజమాని చేత ఒప్పుకోలు రాయించుకుని వెళ్లండి, అదీ 22వ తేదీ దాటాక. జీఎస్టీ 3బి రిటర్ను నెలనెలా వేసేవాళ్లకు 20, మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మన రాష్ట్రంలో 22 ఆఖరు. అంతకుముందు వాళ్లు తలెత్తరు.

లింకు రెండో నెల నుంచి పంపండి, మొదటి నెల మీ మనిషిని చూసిన కొట్లకే. అంకె కాగితం మీద వచ్చిందా, లింకులోనా, ట్యాబ్‌లోనా అన్నది ప్రతి వరుసలో రాసి పెట్టుకోండి. లేకపోతే రెండో నెల అమ్మకం పెరిగిందో, అడిగిన తీరు మారిందో తేల్చలేరు.